పటికబెల్లం పిలుపు

పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను టింగుమంది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక ఆహ్వానం. కింది అంతస్తు అమ్మాయి నడిపే డాన్సు క్లాసు వార్షికోత్సవం ఆదివారం సాయంత్రమట, అందరూ సకుటుంబంగా రావాలట. బొమ్మ బాగుంది, గజ్జెల కాళ్లు, చుట్టూ తామరపూలు. చూస్తుండగానే దాని కింద దండాల బొమ్మలు, పూలగుత్తులు, చప్పట్లు కొట్టే చేతులు వరసగా వచ్చి పడ్డాయి. ఇంకా జరగని కార్యక్రమానికి అప్పుడే చప్పట్లు! వీళ్లలో ఆదివారం నాడు కుర్చీల్లో కనబడేదెవరో, కనబడనిదెవరో నేను ఇప్పుడే చెప్పగలను. ఒకప్పుడు నా పని అదే. జనాన్ని పాటల దగ్గరికి పిలవడం. పాటలు నేర్పడం దానికంటే చాలా సులువు.

తొంభైల్లో మేముండే కాలనీ బెజవాడ నుంచి గన్నవరం వైపు వెళ్లే రైలు దారి పక్కన ఉండేది. అప్పటికది ఊరూ కాదు, పట్నమూ కాదు. స్థలాలు చవకని వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లమే అందరం. పొద్దున ప్యాసింజరు వేళకి మగవాళ్లంతా క్యారేజీలు పట్టుకుని స్టేషనుకి పరుగు. వన్ టౌన్ కొట్లకి కొందరు, ఆటోనగర్ షెడ్లకి కొందరు, ఆఫీసులకి కొందరు. మళ్లీ ఇంటి మొహం చూసేది చీకటి పడ్డాకే. పగలంతా కాలనీ ఆడవాళ్లదీ పిల్లలదీ. నేను హార్మోనియం ముందేసుకుని పిల్లలకి పాటలు చెప్పేదాన్ని. మొదట మా వరండాలో, కాలనీ వాళ్లు కమ్యూనిటీ హాలు కట్టుకున్నాక సాయంత్రాలు అందులో. మెల్లగా కోలాటం చేరింది, ఆదివారాలు వన్ టౌన్ నుంచి ఒక మాస్టారు వచ్చి రంగులతో బొమ్మలు వేయడం నేర్పే బొమ్మల క్లాసు చేరింది. ఏడాదికొకసారి, శివరాత్రి వెళ్లాక ఎండలు ముదరకముందు, హాల్లో వార్షికోత్సవం చేసేవాళ్లం.

చేసేవాళ్లం గానీ చూసేవాళ్లు లేరు. మొదటి ఏడు గులాబీ రంగు కాగితం మీద పాంప్లెట్లు వేయించి, పొద్దుటి పేపర్లో పెట్టించి పంచాం. పేపరు మగవాళ్లు రైల్లో చదువుకోడానికి పట్టుకుపోయారు, పాంప్లెట్లూ వాళ్లతో పాటే బెజవాడ వెళ్లిపోయాయి. రెండో ఏడు ఆటోకి మైకు కట్టించి తిప్పాం. ఆటో అతను సరిగ్గా అందరూ భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ చూసుకుని వచ్చాడు. తలుపు తీసి తిట్టినవాళ్లే గానీ తేదీ విన్నవాళ్లు లేరు. ఆ పై ఏడు కేబుల్ టీవీలో సినిమా అడుగున అక్షరాలు పరుగెత్తించాం. అవి చదవాలంటే ఆ వేళకి కరెంటు ఉండాలి కదా. చివరికి విసుగొచ్చి, ఇంట్లో ఉన్న కుంకుమభరిణె చేతపట్టుకుని నేనే బయల్దేరాను.

ఇది పెద్ద ఆలోచనేం కాదు, నోములకీ పేరంటాలకీ మనం చేసేదే. గడప దగ్గర నిలబడి, ఇంటావిడకి బొట్టు పెట్టి, ఆదివారం సాయంత్రం పిల్లల పాటలండీ, తప్పకుండా రావాలి అనడం. కానీ బొట్టు పెట్టించుకున్నాక వెళ్లకపోతే బాగుండదన్న మొహమాటం ఒకటుందే, అంత బలం ఏ మైకుకీ లేదు. ఒంట్లో బాగాలేనివాళ్లు కూడా కూతుర్నో కోడల్నో పంపేవాళ్లు. ఆ ఏడు కుర్చీలు చాలక పక్క బడి నుంచి బెంచీలు మోయించాం. ఆ తర్వాత ఏ ఏడూ నేను పాంప్లెట్ల జోలికి పోలేదు.

బొట్టు పెట్టకూడని గుమ్మాలు రెండుండేవి. ఒకటి ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆవిడది. వాళ్లు చర్చికి వెళతారు, బొట్టు పెట్టుకోరు. రెండోది ఆపాది, వాళ్లు ముస్లింలు. ఆపా వాళ్లాయనకి ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే షెడ్డు ఉండేది. వాళ్ల చిన్నమ్మాయి మా బొమ్మల క్లాసుకి వచ్చేది. ఆపా అంటే అక్క, కాలనీలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఆపాయే. గొంతు పెద్దది, నవ్వు దానికంటే పెద్దది, నోట్లో మాట దాచుకునే అలవాటు బొత్తిగా లేదు. ఉత్త చేతులతో పిలవడం నాకే బాగోక, ఆ రెండిళ్లలోనూ పటికబెల్లం ముక్క చేతిలో పెట్టి పిలిచేదాన్ని. మొదటిసారి ఆపా ఆ ముక్క నోట్లో వేసుకుని, "వాళ్లకి కుంకం, మాకు మిఠాయి. మేమే బాగుపడ్డాం టీచరమ్మా!" అని వీధంతా వినబడేలా నవ్వింది.

ఇక మావారి సంగతి. ఆయన వన్ టౌన్‌లో మందుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆయనకి తెలిసిన సంగీతమల్లా ప్యాసింజరు కూత. అయినా వార్షికోత్సవం నాడు తెల్లారకుండానే లేచి కుర్చీలు వేయించి, మైకు పట్టుకుని హలో హలో అని, చివరికి వెనక వరసలో గుమ్మం పక్కన కూర్చునేవారు. ఆయన అసలు ఉద్యోగం అక్కడ మొదలయ్యేది. మా కాలనీ జనానికి చప్పట్లు కొట్టాలంటే సిగ్గు. పాట అయిపోతే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఎవరో ఒకరు మొదలుపెడితే తప్ప చెయ్యి లేచేది కాదు. ఆ ఒకరు మావారు. ఒకసారి పల్లవికీ చరణానికీ మధ్య పిల్ల ఊపిరి తీసుకుంటుంటే, అయిపోయిందనుకుని టపటపా కొట్టేశారు. హాలంతా అందుకుంది. పిల్ల బిత్తరపోయి దండం పెట్టి దిగిపోయింది. ఇంటికొచ్చాక పోట్లాడుకుని, ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పాట నిజంగా అయిపోయాక నేను హార్మోనియం తిత్తి మూసి కొక్కెం పెడతాను, అది చూశాకే ఆయన కొట్టాలి. అప్పట్నుంచి ఆయన పాట వినడం మానేసి నా చెయ్యే చూస్తూ కూర్చునేవారు.

ఆయన ఒక వానాకాలంలో పోయారు. కొట్లోనే, పని మధ్యలో, గుండెపోటు. సాయంత్రం ప్యాసింజరులో రావాల్సిన మనిషి వ్యానులో వచ్చారు. నేను ఏడవలేదు. బిగపట్టుకోలేదు, రాలేదంతే. మాకు పిల్లలు లేరు, చేయాల్సినవన్నీ మా మరిది చేశాడు. నాకు చేయాల్సినవి చుట్టాలు చేశారు, చేయించుకున్నాను. అందరూ దాన్ని ధైర్యం అన్నారు. నాకు ధైర్యమూ లేదు, భయమూ లేదు. వండేదాన్ని, తినేదాన్ని, ఉప్పు వేశానో లేదో నాలుకకి తెలిసేది కాదు. సాయంత్రం ప్యాసింజరు కూత వినబడితే లేచి టీకి నీళ్లు పెట్టేదాన్ని, అవి మరిగాక స్టవ్ కట్టేసేదాన్ని. బాధగా ఉందా అని అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. నాకేదీ ఏమీ అనిపించేది కాదు. కొన్నాళ్లకి క్లాసు పిల్లలు వాళ్లంతట వాళ్లే పుస్తకాలు పట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నారు. వద్దనడానికి కూడా ఓపిక కావాలి. అది లేక హార్మోనియం పెట్టె తెరిచాను.

శివరాత్రి ముందు కాలనీ అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చారు. మంచి మనిషి, చెడ్డ కబురు చెప్పాల్సొస్తే కళ్లజోడు తీసి తుడుచుకోవడం అలవాటు. ఆ రోజు కూర్చోగానే జోడు తీశారు. బెజవాడ నుంచి ఎంసెట్ కోచింగ్ వాళ్లెవరో మా హాలు సాయంత్రాలకి అడుగుతున్నారట. కమిటీలో చాలామందికి ఆ ఆలోచన నచ్చిందట. "మీ వార్షికోత్సవానికి జనం ఎప్పట్లా వస్తే నేను గట్టిగా మాట్లాడతానమ్మా. హాలు ఖాళీగా కనబడిందంటే మాత్రం నా మాట చెల్లదు," అన్నారు. హాలు పోతే క్లాసులు పోయినట్టే. కోలాటం మా వరండాలో పట్టదు, బొమ్మల క్లాసు అసలే పట్టదు. ఆ సాయంత్రాలు పోతే ప్యాసింజరు కూత వింటూ కూర్చోవడం తప్ప నాకు మిగిలేదేమీ లేదు. అదంతా నాకు తెలుసు. తెలిసినా కంగారు పుట్టలేదు. అలాగేనండీ అన్నాను.

కుంకుమభరిణె పట్టుకుని నేను గడపలెక్కే రోజులు కావవి. కూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. మళ్లీ పాంప్లెట్లు వేయించాను, అవి మళ్లీ బెజవాడ వెళ్లిపోయాయి. సరేనని ఉత్త చేతులతోనే బయల్దేరాను. మొదటి ఇల్లు మేడింటి పిన్నిగారిది. గేటు దగ్గరే నిలబడి, ఆదివారం సాయంత్రం హాలు దగ్గరికి తప్పకుండా రావాలండీ అన్నాను. అంతటితో ఆపేశాను. పాటలని చెప్పడం మరిచిపోయానో, ఆవిడకి తెలిసిందే కదా అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఆవిడ నా నుదురు చూసింది, ఖాళీ చేతులు చూసింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. "అప్పుడే ఆర్నెల్ల మాసికమా అమ్మా? భోజనాలు హాల్లోనే పెడుతున్నారా?" అంది. ఆవిడ తప్పేం లేదు. మా ఇళ్లలో బొట్టు లేని పిలుపు ఒక్క చావు కార్యానికే. కాదండీ, పిల్లల పాటలకి అని నేను సరిదిద్దాలి. అది మానేసి, మళ్లీ వస్తానండీ అని ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. సాయంత్రానికల్లా కాలనీలో సగం మందికి ఆదివారం మావారి మాసికమని తెలిసిపోయింది. వంటవాళ్లని కుదిర్చిపెట్టమంటారా అని కబురు పంపిన పుణ్యాత్ములు కూడా ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆపా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "టీచరమ్మా, ఆదివారం ఏముంది, పాటలా, తద్దినమా? మా పిల్ల బొమ్మలు గోడకి పెట్టాలా వద్దా?" అని నిలదీసింది. జరిగిందంతా చెప్పాను, కూరగాయల ధరలు చెప్పినట్టు. బొట్టు లేకుండా పిలిస్తే అందరూ చావు పిలుపే అనుకుంటారు ఆపా, ఇంక నావల్ల కాదు అన్నాను. ఆవిడ చేతులు నడుం మీద పెట్టుకుంది.

"మా ఇంటికి ఎప్పుడన్నా బొట్టు పెట్టి పిలిచావా నువ్వు? ఇన్నేళ్లూ పటికబెల్లం ఇచ్చే పిలిచావు. మేమేం చావుకి రాలేదమ్మా, పాటలకే వచ్చాం."

నాకా మాట గొప్పదని అప్పుడు తోచలేదు. నిజమే కదా అనిపించింది, అంతే. ఆవిడే వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలన్నీ తీసి వెతికి, పటికబెల్లం కనబడక, తనే కొట్టుకి వెళ్లి పెద్ద పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాతో పాటు రమ్మంటే రానంది. "నేనొస్తే నేను పిలిచినట్టు ఉంటది. నువ్వే పోవాల."

పోయాను. ప్రతి గేటు దగ్గరా ముక్క చేతిలో పెట్టి, ముందు పిల్లల పాటలండీ అని, ఆ తర్వాతే ఏ రోజో, ఏ వేళకో చెప్పేదాన్ని. కొందరు వెంటనే నోట్లో వేసుకున్నారు. కొందరు కొంగున ముడివేసుకున్నారు, నేను వెళ్లాక ఏం చేశారో తెలియదు. ఒక పెద్దావిడ చెయ్యి చాచలేదు. గేటు మీద పెట్టేసి వచ్చాను. నర్సుగారు తీసుకుంటూ, ఈసారి మాకు ఆలస్యంగా ఇచ్చారేం అంది, ఎప్పుడూ మొదట ఆవిడకే ఇచ్చేదాన్ని కాబోలు. మేడింటి పిన్నిగారు ముక్క బుగ్గన పెట్టుకుని, "నా నోరు పడిపోను, ఎంత మాట అన్నానమ్మా!" అని ఏడ్చింది. నేనే ఆవిణ్ణి ఓదార్చాను. ఆ కాలనీలో నా గురించి ఏడవనిదాన్ని నేనొక్కదాన్నే అయుంటాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో సెక్రటరీగారు, కళ్లజోడు పెట్టుకునే ఉన్నారు. గోడలకి పిల్లల బొమ్మలు. ఆపా చిన్నమ్మాయి వేసిన ఎర్రలారీ అన్నిటికంటే పెద్దది. తొలి మల్లెల వాసన, పెట్టెల్లోంచి తీసిన పట్టుపరికిణీల వాసన, ఇనప కుర్చీల కిర్రు, వెనకెక్కడో చంటిపిల్ల పేచీ. అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి, అన్నీ ఎవరింట్లోనో జరుగుతున్నట్టున్నాయి. నేను వేదిక పక్కన పెట్టె ముందు కూర్చున్నాను. మొదటి పాట ఒక చిన్నపిల్లది. ఎక్కడా తడబడకుండా పాడింది. అయిపోయాక తిత్తి మూసి కొక్కెం పెట్టాను.

చప్పట్లు పడలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పిల్ల నావైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు ఏదో అనిపించింది, అదీ కోపం. ఈ మనిషి సరిగ్గా ఇప్పుడే టీ తాగడానికి వెళ్లాలా అనుకుంటూ, వెనక వరసలో గుమ్మం పక్క కుర్చీ వైపు కళ్లెర్రజేసి చూశాను. ఆ కుర్చీలో ఎవరో పక్క వీధాయన కూర్చున్నాడు, పాపం, నా చూపుకి జడిసి సర్దుకున్నాడు. ఆయన ఏం తప్పు చేశాడో ఆయనకి తెలియదు. నాకు తెలిసింది. మావారు వానాకాలంలో పోయారు. నేను తెలుసుకున్నది ఆ సాయంత్రం.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో నేను చూడలేదు. ఆపా అని కొందరన్నారు, కాదు, పిల్ల వాళ్లమ్మ అని కొందరు. హాలంతా అందుకుంది. నేను హార్మోనియం మీద తల ఆనించి గట్టిగా ఏడ్చాను. ఆ చప్పట్లలో పక్కనున్న పిల్లలకి తప్ప ఎవరికీ వినబడలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని కొక్కెం తీశాను. రెండోది కోలాటం, పిల్లలు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

హాలు ఇంకొన్నేళ్లు మాకే ఉంది. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు, ప్యాసింజరు మా స్టేషనులో ఆగడం మానేసింది, కాలనీలో మనుషులు మారారు, నేనూ మోకాళ్లు మొరాయించి ఈ అపార్ట్‌మెంటుకి వచ్చేశాను. ఆపా ఇప్పటికీ ఫోన్ చేస్తే హలోకి బదులు పటికబెల్లం ఉందా అనే అడుగుతుంది. కింది అంతస్తు అమ్మాయి ఆహ్వానం కింద నేను పూలగుత్తీ పెట్టలేదు, దండమూ పెట్టలేదు. ఆదివారం వెళతాను. వెనక వరసలో గుమ్మం పక్కన కుర్చీ దొరికితే అందులో కూర్చుంటాను. పాట అయిపోవడానికీ మొదటి చప్పట్లకీ మధ్య ఉండే కాస్త సేపు గడియారంలో చూస్తే ఏమంత ఉండదు. అది దాటడానికి నాకు ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టింది, ఇప్పటికీ ఏ సభకి వెళ్లినా మళ్లీ మొదట్నుంచి దాటుతూనే ఉంటాను.