పర్దా ఇవతలి టేబుల్

బీదర్ బస్టాండు ఎదుటి హోటల్లో, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించగానే చుయ్యిమని లేచే ఆవిరి, ఆ వెంటనే వచ్చే వెన్న వాసన నన్ను ఇప్పటికీ ముందుకు నడవనివ్వవు. ఇవాళ పొద్దున కూరగాయలకని బయలుదేరినవాణ్ణి సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా భార్య సులోచన ఉంటే నిలబడేదా? నాకంటే ముందే లోపలికి వెళ్లి కూర్చునేది. ఆమె పోయి రెండేళ్లవుతోంది. హోటల్లో నలుగురి మధ్య కూర్చుని తినడం నాకు నేర్పింది ఆమే. అదీ ఒక విద్యేనా అని నవ్వకండి, నాకైతే పెద్ద విద్యే.

సులోచన పుట్టిల్లు బీదర్ దగ్గరి కమఠాణ అనే ఊరు, సేద్యం చేసుకునే కుటుంబం. బీదర్‌ను ఆనుకునే ఉన్న చిద్రిలో మాది ఉమ్మడి కుటుంబం. మగవాళ్లం ముందు తినేవాళ్లం, ఆడవాళ్లు అందరి తర్వాత వంటింట్లో తినేవాళ్లు. అందుకే పెళ్లయి మూడేళ్లు గడిచినా ఆమె భోంచేస్తుంటే నేను చూసింది లేదు. ఒకరోజు ఇద్దరం బట్టల కొట్టు నుంచి వస్తుంటే వాన పట్టుకుంది, పక్కనున్న హోటల్లోకి దూరాం. ఆడమనిషిని చూడగానే సర్వర్ మమ్మల్ని మూలనున్న ఫ్యామిలీ రూం వైపు నడిపించి పచ్చ పర్దా పైకెత్తాడు. అప్పట్లో ఆలుమగలు వస్తే అందులోనే కూర్చోబెట్టేవాళ్లు. సులోచన అక్కడే ఆగిపోయింది.

"ఇంట్ల మూలకు కూసోని తింట. ఈడికొచ్చి గూడ పర్దా ఎనకనేనా? నేను రాను," అంది.

"నలుగురు చూస్తరే," అన్నాను గొంతు తగ్గించి.

"చూడనియ్యి. తినేది అన్నమే గద, దొంగతనం చేస్తున్నమా?"

వెళ్లి హాలు మధ్యలో కూర్చుంది. నేను తల వంచుకుని ఎదురుగా కూర్చున్నాను. దోసెలు వచ్చాయి. నేను రెండో ముక్క తుంచేలోగా ఆమె ప్లేటు ఖాళీ. ఎవరైనా తరుముతున్నారా అని అడిగితే, "అలవాటైపోయింది. తింటుంటే ఎవరో ఒకరు పిలుస్తరు," అని నవ్వింది. ఆమెకు ఇంకొకటి తెప్పించాను. అది మాత్రం మెల్లగా, చట్నీ అద్దుకుంటూ, వాన చూస్తూ తింది.

అప్పటి నుంచి గాజులనో, డాక్టరనో ఏదో ఒక సాకు చెప్పి బయటపడేవాళ్లం. "నీ పెండ్లాం గాజులు గిట్ల పగులుతయేందిరా?" అని మా అమ్మ అనుమానంగా చూసేది. దోసెకు బస్టాండు, బిర్యానీకి పాత ఊరు, జొన్నరొట్టె, గుత్తివంకాయలకు ఇంటి భోజనం లాంటిది పెట్టే ఒక ఖానావళి. హోటల్లో సులోచన వేరే మనిషి. ఇంట్లో అడుగంటిన అన్నం తిని ఊరుకునే మనిషి, అక్కడ రొట్టె చల్లారిందని కన్నడంలో దబాయించి వెనక్కి పంపేది. మా అమ్మాయిని కాలేజీలో చేర్పించాలన్నదీ, మేం వేరు కాపురం పెట్టాలన్నదీ ఆ టేబుళ్ల దగ్గరే తేలింది. ఇంట్లో మాకు మాట్లాడుకునే చోటే ఉండేది కాదు.

తర్వాత ఆమెకు అన్నవాహికలో జబ్బు చేసింది. పలచని జావ తప్ప ఏదీ దిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఖానావళికి తీసుకుపొమ్మంది.

"తినలేవు గద, ఎందుకే?" అన్నాను.

"నువ్వు తిను. నాకు ఎదురుంగ కూసోవాల్నని ఉంది."

రొట్టె, వంకాయ తెప్పించి నా ముందు పెట్టించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. రుచి గురించి అంతకు మించి మాట్లాడటం నాకు చేతకాదు.

"బాగుందంటే నాకేం తెలుస్తది? మంచిగ చెప్పు. ఇయ్యాల నీ నోటితోనే నేను తినాలె."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా చెప్పాను. "పల్లీలు జర ఎక్కువ ఏగినయ్. ఎల్లిపాయ తగులుతుంది. కారం ముందుగాల తెలుస్తలేదు, మింగినంక లేస్తుంది." ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. "ఆఁ, ఇంక?" అంది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా చెప్పిస్తూనే ఉంది.

ఆమె పోయాక చాలా రోజులు నాకు ఆకలే తెలియలేదు. మా అమ్మాయి బతిమాలితే రెండు ముద్దలు తిని లేచేవాణ్ణి. ఇప్పుడు తింటున్నాను. ఇవాళ హోటల్లోకి వెళ్లి దోసె తిన్నాను. అంచు కాస్త మాడింది, చట్నీలో పుదీనా ఎక్కువైంది. చెప్పబోయి తలెత్తాను. ఎదుటి కుర్చీలో ఎవరో తెలియని ఆయన పేపరు చదువుకుంటున్నాడు. ఆమె అక్కడ ఉంటే ఎంత బాగుండును! లోలోపలే చెప్పుకుంటూ చివరి ముక్క దాకా తిన్నాను. నేను మానేస్తే సులోచన పస్తుంటుంది.