మా ఉప్పునీళ్ళ ల్యాబు

మొన్న ఉదయం తెనాలిలో మా ఇంటికి నీళ్ళ ఫిల్టరు బాగుచేసే ఆయన వచ్చాడు. వంటింట్లో చేయాల్సిందేదో చేసి, గ్లాసుడు నీళ్ళు పట్టి, జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి అందులో ముంచి, చూడండి పిన్నిగారూ అంటూ నా ముఖం ముందు పెట్టాడు. కళ్ళద్దాలు సర్దుకుని చూస్తే ఏదో అంకె కనిపించింది. ఇది ఏ యూనిట్లలో అండీ అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, "యూనిట్లేంటండీ, నెంబరు తక్కువుంటే నీళ్ళు మంచివండి, అంతే" అన్నాడు. నాకు చర్రున కోపం వచ్చింది. పాపం, ఆయన మీద కాదు. యూనిట్ రాయని జవాబుకి సున్నా చుట్టే ఒకావిడ గుర్తొచ్చింది, ఆవిడ వెనకాలే రేపల్లె గుర్తొచ్చింది, ఇక ఆ పూట కాఫీ కూడా సయించలేదు.

మీలో ఆ వైపు వాళ్ళుంటే చెప్పక్కర్లేదు గాని, తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మాది రేపల్లె పక్కన, నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లె. సముద్రం ఎంతో దూరం లేదు కనుక బావి తవ్వినా ఉప్పే, బోరు వేసినా ఉప్పే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు పీచులా తయారవుతుంది. అందుకని తాగడానికీ వంటకీ కాలవ నీళ్ళు మోసుకొచ్చి, బిందెలో పటికముక్క నాలుగు తిప్పులు తిప్పి, మట్టి అడుక్కి దిగాక పైతేట వంచుకుని, దాన్ని మళ్ళీ పాతచీర ముక్కలో వడగట్టుకునేవాళ్ళం. అదంతా రసాయన శాస్త్రమని మాకప్పుడు తెలియదు, చాకిరీ అని మాత్రం బాగా తెలుసు.

రేపల్లెలో నేను ఇంటర్ చదివిన కాలేజీ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. మా ఊరి నుంచి సైన్సు గ్రూపులో చేరిన ఆడపిల్లని నేనొక్కదాన్నే, అందుకు బస్సులో ఎంతమంది ఎన్ని మాటలన్నారో అదో పెద్ద కథ, దాన్నిప్పుడు ఎత్తుకోను. నాన్న మాత్రం ఏమీ అనలేదు. ఆయన మాట తక్కువ మనిషి, చేరేముందే ఒక్క మాట చెప్పేశాడు: బాపట్లలో కెమిస్ట్రీ సీటు వస్తే డిగ్రీ చదివిస్తాను, రాకపోతే ఇక చాలు. అది బెదిరింపు కాదు, ఆయన దృష్టిలో న్యాయమైన బేరమే. నాకూ అలాగే అనిపించింది, ఎందుకంటే సీటు రాకపోవడమనేది నా ఊహలోనే లేదు.

నాకు కెమిస్ట్రీ పిచ్చి పట్టించింది మా మేడమ్. ఆవిడ అప్పుడే ఎమ్మెస్సీ అయి, టెంపరరీ పోస్టులో చేరిన మనిషి. ఇస్త్రీ నూలుచీరె, చేతికి గాజుల బదులు గడియారం, సన్నటి గొంతు. మొదటిరోజు పుస్తకం తెరవకుండా, మీ ఇళ్ళలో దేన్ని దేంతో కొలుస్తారో చెప్పండమ్మా అంది. సోల అన్నాం, తవ్వ అన్నాం, జానెడు, బారెడు అన్నాం. కొల్లూరు లంక నుంచి వచ్చే పిల్ల లేచి, మేము అరటికాయల్ని అత్తాల్లెక్కన, అంటే గెలలో ఒక్కో చీపు లెక్కన అమ్ముతామండి అంది. అత్తానికి ఎన్ని కాయలమ్మా అంటే, "గెలని బట్టి ఉంటాయండి" అంది. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. మీ అమ్మ సోలా మీ పిన్ని సోలా ఒకటి కాదన్న సంగతి మీకందరికీ తెలుసుగా, కోడళ్ళకి ఇంకా బాగా తెలుసు, అందుకే లోకమంతా ఒప్పుకున్న కొలత ఒకటి కావాల్సి వచ్చిందని చెప్పి, అప్పుడు బోర్డు మీద మీటరు, కిలోగ్రాము, సెకండు రాసింది. మా అమ్మ సోల సొట్టపోయిందని ఆవిడకెలా తెలిసిందా అని నేను ఇంటిదాకా ఆలోచించుకుంటూ వెళ్ళాను.

ల్యాబులో గాజుగొట్టంలో నీటిమట్టం చూడాలంటే కన్ను దానికి సమానంగా ఉండాలి, మట్టం మధ్యలో కిందకి దిగిన చోటే చదవాలి. పొట్టివాళ్ళం పమిట నడుముకి బిగించి స్టూలెక్కేవాళ్ళం. ఎంతుందో అంతే రాయాలి, పక్కదానికి ఎంతొచ్చిందో నీకనవసరం అని మేడమ్ ప్రతి టేబుల్ దగ్గరా ఆగి చెప్పేది. పదార్థాలను విడగొట్టే పాఠం రోజున, కాలేజీ కుళాయి నీళ్ళు పింగాణీ గిన్నెలో పోసి, స్పిరిట్ దీపం మీద మరిగించింది. నీళ్ళన్నీ ఆవిరై అడుగున తెల్లటి పొర మిగిలింది. మూలకం, సమ్మేళనం, మిశ్రమం అని పుస్తకంలో చదివితే నోటికొస్తుంది గాని, ఆ తెల్లటి పొరని వేలితో గీకి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పుస్తకంలో నీళ్ళు సమ్మేళనం, మన కుళాయి నీళ్ళు మిశ్రమం అని చెప్పింది కూడా ఆ మేడమే. ఆ మాట మరిచిపోకండి, దాంతో పని ఉంది.

ఇక రెండో ఏడు ప్రాక్టికల్ పరీక్ష. ఒక్కొక్కరికీ పొట్లంలో తెల్లటి పొడి ఇస్తారు, అది ఏ లవణమో పరీక్షలు చేసి తేల్చాలి. అప్పట్లో మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. పొట్లం మూల మీద ఇంకు చుక్క ఉండేది. నీలం చుక్కయితే ఫలానా, ఎరుపు చుక్కయితే ఫలానా అని ముందురోజే అందరికీ తెలిసిపోయేది. జవాబు ముందు రాసుకుని, దానికి తగ్గట్టు పరీక్షలు వెనక్కి రాసుకుంటూ పోవడమే. ఎదురుగా ట్యూబులో ఏం జరుగుతోందో తలెత్తి చూసే పని ఎవరికీ లేదు. నాకు మాత్రం చుక్క చూసి రాయడమంటే సిగ్గనిపించింది. పొట్లం విప్పి, ఆ కాగితాన్ని ఉండచుట్టి కిటికీలోంచి పారేశాను.

మామూలుగా తెనాలి నుంచి పాసింజరు బండిలో పెద్ద గాజుజాడీల్లో డిస్టిల్డ్ వాటర్ వచ్చేది. ఆ ఏడు పరీక్షల ముందే అది నిండుకుంది, తెప్పించాల్సినవాళ్ళు తెప్పించలేదు, జాడీల్లో కుళాయి నీళ్ళు నింపి పెట్టారు. మాకెవరూ ఆ మాట చెప్పలేదు. నా పొడిని ఆ నీళ్ళలో కలిపి సిల్వర్ నైట్రేటు చుక్క వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా అవక్షేపం వచ్చింది. అంటే క్లోరైడు. సరేనని తర్వాతి పరీక్ష చేస్తే నైట్రేటుకి రావాల్సిన గోధుమరంగు వలయం కూడా చక్కగా వచ్చింది. ఒకటే లవణం రెండూ ఎలా అవుతుంది? చివరికి పొడి లేకుండా ఉత్త నీళ్ళు ట్యూబులో పోసి సిల్వర్ నైట్రేటు వేసి చూశాను. అదే తెలుపు! అబ్బ, ఆ క్షణం ఎంత సంతోషమేసిందో! నా లవణం నైట్రేటు అని రాసి, కింద ఒక్క వాక్యం రాశాను: జాడీలోని నీళ్ళలోనే క్లోరైడు ఉంది, ఉత్త నీళ్ళను పరీక్షించి చూశాను. అటూ ఇటూ చూస్తే, అందరి ట్యూబులూ తెల్లగానే ఉన్నాయి. క్లోరైడు రాకూడనివాళ్ళు తెల్లటి అవక్షేపం ముందు పెట్టుకునే, అవక్షేపం రాలేదని గుండ్రటి అక్షరాలతో రాసుకుంటున్నారు.

పరీక్ష పెట్టడానికి పైనుంచి వచ్చినాయన నా కాగితం చదివి కనుబొమలెత్తి, "ఏంటి మేడమ్, డిస్టిల్డ్ వాటర్ లేకుండానే పరీక్ష పెట్టేశారా?" అన్నాడు. మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "లేదండి, ఉందండి, ఆ అమ్మాయి ట్యూబు సరిగ్గా కడుక్కోలేదండి" అంది. నేను విన్నాను. రెండు టేబుళ్ళ అవతల నిలబడి, నా చెవులతో విన్నాను. ఆ తర్వాత ఆవిడ నా దగ్గరకొచ్చి, వంగి, మెల్లగా, "ఆ కింద లైను కొట్టేయమ్మా. ఆన్సరు కరెక్టేగా, నీ మార్కులు నీకొస్తాయి" అంది. ఎంతుందో అంతే రాయమన్నది మీరేగా మేడమ్ అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, ట్యూబుల స్టాండు వైపు చూస్తూ, "కొట్టెయ్యి తల్లీ, నా మాట విను" అంది. నేను కొట్టెయ్యలేదు. ఇప్పుడైనా కొట్టెయ్యను.

పరికరాలు శుభ్రంగా లేవని రాసి, పాసు మార్కులు పడేసి పోయాడాయన. చుక్కలు చూసి రాసినవాళ్ళందరికీ నిండా మార్కులొచ్చాయి. ఆ తేడా చాలు, నా కొంప ముంచడానికి. ఎండాకాలంలో నాన్నా నేనూ రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి బాపట్ల వెళ్ళాం. గోడకి అంటించిన జాబితాని నాన్న వేలు పెట్టి పైనుంచి కిందకి చదివాడు, మళ్ళీ కిందనుంచి పైకి చదివాడు. నా పేరు లేదు. పదమ్మా, బండికి టైమైంది అన్నాడు. తిరుగు ప్రయాణంలో తెనాలి ప్లాట్‌ఫారం మీద గోలీసోడా కొనిచ్చాడు. అప్పుడు చెప్పాను జరిగిందంతా. కోప్పడతాడేమో, లేకపోతే ఆ కాలేజీకి వెళ్ళి ఎవరినైనా నిలదీస్తాడేమో అనుకున్నాను. ఆయన ఖాళీ సీసా కొట్టువాడికి ఇచ్చేసి వచ్చి, "ఆ ఒక్క లైను కొట్టేస్తే ఏం పోయేదే?" అన్నాడు. జాబితాలో పేరు లేనందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నాన్న కూడా అంతేనా అనిపించింది.

ఆ తర్వాత ప్రైవేటుగా బీయే కట్టాను, పోస్టాఫీసులో ఉద్యోగమొచ్చింది, తెనాలిలో కౌంటరు వెనక కూర్చుని ఉత్తరాలూ పార్సెళ్ళూ గ్రాముల్లెక్కన తూచుకుంటూ రిటైరయ్యాను. చూశారా, కొలతలు మాత్రం నన్ను వదల్లేదు. ఇలాంటివి తల్చుకుని కొందరు హాయిగా నవ్వేసుకుంటారు, నాకు మాత్రం నవ్వు రాదు.

ఉద్యోగం చేస్తుండగానే ఒకరోజు ఆ కౌంటరు దగ్గరకే మేడమ్ వచ్చింది. జుట్టు నెరిసిపోయింది, అయినా ఆ సన్నటి గొంతు వినగానే తల ఎత్తాను. ఆవిడా గుర్తుపట్టింది. "నువ్వు మా రేపల్లె అమ్మాయివి కదూ?" అంది. అవునండి అన్నాను. పార్సెలు తూచి, స్టాంపులు అంటించి ఇచ్చేదాకా అలాగే నిలబడి, చివరికి కౌంటరు మీదకి వంగి, "నువ్వు రాసిందే నిజమమ్మా. ఆ రోజే నాకు తెలుసు. ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను" అంది. ఊడలేదుగా మరి అన్నాను. ఆవిడ చేతిసంచి సర్దుకుంటూ, "ఎందుకూడలేదూ, మరుసటేడే వద్దన్నారు. మళ్ళీ ఎక్కడా దొరకలేదు" అంది. నేనా మాటకి జాలిపడాలి. పడలేదు. ఇద్దరం మునిగాం, అదీ ఎవరికీ ఏమీ ఒరగకుండానే అనిపించి ఒళ్ళు మండిపోయింది. వెనక క్యూలో ఉన్నాయన గొణగడం మొదలుపెడితే, తర్వాత రండి అని పిలిచాను. మేడమ్ వెళ్ళిపోయింది, మళ్ళీ కనపడలేదు.

ఇప్పుడు మా చెల్లెలి మనవరాలు ఇదే తెనాలిలో ఇంటర్ చదువుతోంది. తెల్లారకముందే బస్సొస్తుంది, చీకటిపడ్డాక దింపుతుంది. మొన్న ప్రాక్టికల్స్ అయిపోయాయంది. నాకు ప్రాణం లేచొచ్చి, ఏ లవణమిచ్చారే, ఏం చేశావే అని చుట్టూ తిరిగాను. "ఏం చేసేదేంటి అమ్మమ్మా, పేపరు మీద రాసిచ్చాం. అందరికీ ఫుల్ మార్కులేస్తారు" అంది. మరి ల్యాబు లేదా అంటే, ఉంది గాని తాళమేసి ఉంటుందని, తానెప్పుడూ లోపలికి వెళ్ళలేదని చెప్పింది. చెప్పిన తీరులో బాధ లేదు, ఆ తలుపు వెనక ఏముంటుందో తెలిస్తే కదా బాధ. మాకు చేసింది మోసమే, నా బతుకు దారి మళ్ళించింది ఆ మోసమే, ఆ కోపం నాతోనే పోతుంది. కాని ఆ మోసం చేసినవాళ్ళు కూడా నా చేతికి ఒక ట్యూబు ఇచ్చి, ఒక చుక్క వెయ్యనిచ్చారు, అది తెల్లబడటం నన్ను కళ్ళారా చూడనిచ్చారు. ఈ పిల్లకి నిండా మార్కులొస్తాయి, కావాల్సిన సీటూ వస్తుంది. చూసింది రాసి నష్టపోయే అవకాశం మాత్రం ఎప్పటికీ రాదు. టీవీ పెట్టనా అమ్మమ్మా అంది. పెట్టమన్నాను.