అర్జెంటీనాకు రాహుకాలం

బొమ్మలాట గురించి ముందుగా నాలుగు ముక్కలు చెప్పమని యాభై రెండేళ్ల వయసులో నన్నెవరైనా పిలుస్తారని నేను అనుకోలేదు. పిలిచింది మా చెల్లెలి కూతురు. మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటుంది, మహదేవపురలో ఉద్యోగం. వాళ్ల కంపెనీ కంప్యూటర్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు పెట్టి ఫోన్లలో లైవ్ చూపిస్తుంది. ఆడేవాళ్లు ఇద్దరే. కుర్చీల్లో కూర్చుని బటన్లు నొక్కుతారు. తెర మీద ఇరవై రెండు బొమ్మలు పరుగెత్తుతాయి.

ఆ ఆదివారం నాలుగ్గంటలకు బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మ్యాచ్. ఆ రెండు దేశాలకీ ఆటలో ఎంత పగో ఫుట్‌బాల్ తెలియని నాక్కూడా తెలుసు. మ్యాచ్‌కు ముందు అరగంట ఇద్దరు కూర్చుని, ఎవరు గెలుస్తారో ఎందుకు గెలుస్తారో తెలుగులో మాట్లాడాలి. మాట్లాడవలసిన నిపుణుడికి జ్వరం వచ్చింది.

"పెద్దమ్మా, ప్లీజ్, నువ్వొచ్చి కూర్చో. తెలియని సబ్జెక్ట్ మీద కూడా నువ్వు గంట మాట్లాడగలవు" అంది ఫోన్లో.

దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. "రెండో కుర్చీలో ఎవరు?" అన్నాను.

"నేనే."

అప్పుడు భయం వేసింది. ఈ పిల్ల మాట్లాడదు. ఉప్మాలో ఉప్పు లేకపోయినా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయే రకం. మూడు నెలల కాంట్రాక్ట్ ఆ నెలాఖరుకు అయిపోతుంది. "పని బాగా చేస్తావు, కెమెరా ముందు మాత్రం ఆధార్ కార్డు ఫొటోలా ఉంటావు" అన్నాడట వాళ్ల మేనేజర్. ఈ మ్యాచ్ తెలుగువాళ్లు నిలబడి చూస్తే కాంట్రాక్ట్ పొడిగిస్తారు. లేకపోతే తెలుగు విభాగం ఎత్తేస్తారు. విభాగం అంటే మా పిల్ల ఒక్కతే.

ఏ పనైనా చదువుకుని చెయ్యడం నా అలవాటు. మూడు రోజులు పేపర్లు తిరగేసి ఎవరి మోకాలు బాగాలేదో, ఎవరికి కోచ్‌తో పడదో, ఇంతకుముందు ఎవరు ఎవరిని ఏడిపించారో అంతా నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లాను. స్టూడియోలో మా పిల్ల పుస్తకం తిరగేసి, మెల్లిగా మూసేసింది.

"పెద్దమ్మా, వాళ్లు వేరు. ఇక్కడ ఆడేది వీళ్లు."

అద్దం అవతల అర్జెంటీనా కూర్చుని బొరుగులు తింటూ ఉంది. హిందూపురం పిల్ల. చుడీదార్ మీద నీలం చారల జెర్సీ వేసుకుంది. పక్కన పసుపు జెర్సీలో బ్రెజిల్. మదనపల్లె అబ్బాయి.

"వీళ్లకీ ఆ దేశాలకీ ఏం సంబంధమే?"

"చీటీలు తీసినారు. ఏ దేశం వస్తే ఆ దేశం."

మూడు రోజుల చదువు గంగలో కలిసింది. సరే, ఆటగాళ్ల ఆరోగ్యం గురించి చెప్పాలి కదా అని అద్దం అవతలికి వెళ్లి ఇద్దరినీ అడిగాను. బ్రెజిల్ దివ్యంగా ఉంది. అర్జెంటీనాకు పొద్దున కొబ్బరి కోరుతుంటే కుడి బొటనవేలు గీసుకుంది. రాసుకున్నాను.

మూడున్నరకు లైవ్ మొదలైంది. మా పిల్ల కాగితంలో ఉన్నది చదువుతూ, "ఈరోజు వాతావరణం ఆటకు అనుకూలంగా ఉంది" అంది.

"ఎక్కడి వాతావరణం?" అన్నాను.

"స్టేడియంలో."

"స్టేడియం ఎక్కడుండాది?"

"గేమ్‌లో."

"గేమ్‌లో ఎండ ఎవరు కాయిస్తారే?"

"మెనూలో ఉంటుంది పెద్దమ్మా. వాన కూడా పెట్టుకోవచ్చు. ఈరోజు ఎండ పెట్టినారు."

"ఎండ పెట్టుకునే వీలున్నప్పుడు అనుకూలంగా ఉండాదని మెచ్చుకునేదేంది?"

దానికి ఆ పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆధార్ ఫొటో అయిపోయింది. మిగతా ఇరవై నిమిషాలూ నేనే లాగాను. కొబ్బరికోరు గాయం వల్ల అర్జెంటీనా కుడివైపు దాడి మందగించవచ్చు అని కూడా చెప్పాను. నాలుగైంది. తెర మీద మైదానం రావాలి. ఒక చక్రం వచ్చి తిరగడం మొదలుపెట్టింది.

సర్వర్ పడిపోయిందట. మేనేజర్ కెమెరా వెనక నిలబడి వేళ్లతో నోరు ఆడించి చూపించాడు. కన్నడ మనిషి. "మేడం, సుమ్నె మాతాడ్తా ఇరి" అన్నాడు. ఊరికే మాట్లాడుతూ ఉండమని.

దేని గురించి మాట్లాడను? ఉన్న సరుకు అయిపోయింది. పక్కన మా పిల్ల కళ్లార్పడం లేదు. అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. నగర్తపేటలో మా నాన్నకు జరీ అంగడి ఉండేది. ప్రతి ఉగాదికీ అంగడి ముందు చాప పరిచి, చుట్టుపక్కల అంగళ్లవాళ్లకు పంచాంగం చదివేవాడు. ఆయన చూపు మందగించాక ఏడెనిమిదేళ్లు నేనే చదివాను. నాకు నమ్మకం లేదు. ఫిజిక్స్‌లో బి.ఎస్సీ. చేసినదాన్ని. కానీ గొంతు బాగుంటుందని చదివించేవాళ్లు, నేనూ రాగం తీసి చదివేదాన్ని.

"పుట్టిన గడియ తెలియనివాళ్లకు పేరులో మొదటి అక్షరం బట్టి రాశి చూస్తాం," అన్నాను కెమెరాతో. "అర్జెంటీనాది మేషం. బ్రెజిల్‌ది వృషభం. ఆదాయం అంటే కొట్టే గోల్స్, వ్యయం అంటే తినే గోల్స్. రాజపూజ్యం అంటే చప్పట్లు, అవమానం అంటే ఎర్ర కార్డు. మేషానికి ఆదాయం ఐదు, వ్యయం ఐదు, రాజపూజ్యం మూడు, అవమానం ఆరు."

పక్క తెర మీద జనం రాసే మాటలు ఒక్కసారిగా పెరిగాయి. కోలారు నించి ఒకాయన జర్మనీది కూడా చెప్పమన్నాడు. అనంతపురం నించి ఒకామె, దేశాలు తర్వాత, మా ఆయనది కన్య, ప్రమోషన్ ఉందా అని అడిగింది. జర్మనీకి చెప్పాను, ఆయనకూ చెప్పాను. మేనేజర్ రెండు బొటనవేళ్లూ ఎత్తాడు. ఆ ఊపులో, మా నాన్న ప్రతిసారీ ముగించినట్టే ముగించాను. "ఇది ఆదివారం. నాలుగున్నర నించి ఆరు దాకా రాహుకాలం. ఆ వేళలో ఏ కొత్త పనికీ చెయ్యి పెట్టకూడదు."

నాలుగూ ముప్పై ఐదుకు సర్వర్ లేచింది. మైదానం వచ్చింది, మెనూలో పెట్టిన ఎండ వచ్చింది. ఆట మొదలు కాలేదు. అద్దం అవతల అర్జెంటీనా హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆరు తర్వాత ఆడతాను. మా అమ్మ లైవ్ చూస్తా ఉండాది. చెయ్యి పెట్టద్దని మెసేజ్ పెట్టింది."

మదనపల్లె అబ్బాయి కూడా బటన్ల పెట్టె కింద పెట్టేశాడు. "రాహుకాలం ఇద్దరికీ ఒకటే గదా. ముందు నేను నొక్కితే నాకే తగులుతుంది" అన్నాడు.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. ఐదున్నరకు అదే తెర మీద వేరే భాషవాళ్ల మ్యాచ్ ఉందట. ఐదు లోపల ఆట మొదలుకాకపోతే దీన్ని రద్దు చెయ్యాలి. రద్దయితే తెలుగు విభాగం అంతటితో సరి. ఆ మాట మా పిల్ల ముందే అన్నాడు. అది తల వంచుకుని మైకు వైరు చుట్టుకుంటూ కూర్చుంది. నాలుక కోసుకోవాలనిపించింది. లేచి అర్జెంటీనా దగ్గరికి వెళ్లాను.

"చూడమ్మా, అదంతా ఊరికే చెప్పినాను. నేను నమ్మను."

"నమ్మకపోతే చెప్పేదెందుకు ఆంటీ?" అంది ఆ పిల్ల. నిజంగానే అడిగింది, ఎగతాళిగా కాదు. వచ్చి కుర్చీలో కూలబడ్డాను. లైవ్ నడుస్తూనే ఉంది.

అప్పుడు మా పిల్ల మైకు దగ్గరికి లాక్కుంది.

"పెద్దమ్మా, రాహుకాలం ఏ ఊరికి ఆ ఊరి సూర్యుణ్ణి బట్టి కదా?"

"అవును."

"ఈ మ్యాచ్ జరిగే సర్వర్ సింగపూర్‌లో ఉంది. అక్కడ ఇప్పుడు టైం ఏడు దాటింది. ఆ ఊరి రాహుకాలం అయిపోయింది."

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోవడం నాకు చేతకాదు. "ఆడేది ఇక్కడ కదే" అన్నాను.

"ఇక్కడ నొక్కేది బటన్. బాల్ కదిలేది అక్కడ." మైకు వైరు వేళ్లకు చుట్టుకుంటూనే ఉంది గానీ మాట ఆపలేదు. "మొన్న ధర్మవరంలో పెళ్లికి నువ్వు పోలేక వీడియోలో చూస్తా ఫోన్ మీద అక్షింతలు చల్లినావు. ముహూర్తం ధర్మవరానికి పెట్టినారా, నువ్వు కూర్చున్న నగర్తపేటకు పెట్టినారా?"

పక్క తెర మీద జనం రెండు ముఠాలైపోయారు. బటన్ ముఠా, బాల్ ముఠా. మా పిల్ల నా వైపు తిరిగి కూర్చుని ఉంది. పాతికేళ్లలో మొదటిసారి, నా జవాబు కోసం ఎదురుచూస్తూ.

జవాబు నా దగ్గర ఉంది. నాలుక చివరనే ఉంది. ముహూర్తం అక్షింతలు చల్లేవాళ్లకు కాదు, తాళి కట్టే చేతికి. ఆ చెయ్యి ఎక్కడుంటే ఆ ఊరి గడియ. ఇక్కడ తాళి కట్టే చెయ్యంటే కొబ్బరికోరు గీసుకున్న ఆ బొటనవేలే. అది హిందూపురం పిల్లది, మహదేవపురలో ఉంది. పిల్ల వాదం రెండు ముక్కలై కింద పడేది.

"ధర్మవరానికే" అన్నాను. నోరు మూసుకున్నాను.

ఒక నిమిషం గడిచింది. అర్జెంటీనా ఫోన్ చూసుకుని, "సింగపూర్ అయితే ఆడుకో అంటా ఉంది మా అమ్మ" అని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఐదుకు పది నిమిషాల ముందు ఆట మొదలై పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. అర్జెంటీనా మూడు, బ్రెజిల్ ఒకటి. గంటా ఇరవై నిమిషాల ముందుమాటకు పన్నెండు నిమిషాల ఆట. ఆ పన్నెండు నిమిషాలూ చూసినవాళ్లు తక్కువేనట, చాలామంది ఇంకా బటనా బాలా అని కొట్టుకుంటున్నారట.

పై ఆదివారం మా పిల్ల ఇంటికి వచ్చింది. కాంట్రాక్ట్ ఏడాదికి పొడిగించారు. ఇకమీద ప్రతి మ్యాచ్‌కూ కెమెరా ముందు కూర్చునేది అదే. నిపుణుడి జ్వరం తగ్గింది కాబట్టి నా అవసరం లేదని మేనేజర్ మర్యాదగా చెప్పి పంపాడు. అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అంది:

"చారులో ఉప్పు తక్కువైంది పెద్దమ్మా."

"చాలినంతే ఉండాది."

"లేదు, తక్కువే. ఆ రోజు కూడా అంతే, నువ్వు ఒప్పుకోవు. చివరికి సింగపూర్ అనేసరికి నీ దగ్గర పాయింట్ లేకపోయింది. అవునా, కాదా?"

తాళి కట్టే చెయ్యి మళ్లీ నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఉప్పు డబ్బా తెచ్చి దాని కంచం పక్కన పెట్టాను.

"లేకపోయిందిలే. తిను" అన్నాను.