పలకనందుకు ఆబ్సెంట్

ఆ మెసేజ్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "మీ అమ్మాయి ఈ రోజు పాఠశాలకు హాజరు కాలేదు." పొద్దున నేనే జడ రిబ్బను సరిచేసి, గేటు లోపలికి పంపి వచ్చాను. కాకినాడ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఉద్యోగం. స్కూలుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆటోలో కూర్చున్నంతసేపూ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ "లంచ్ టైముకి రండమ్మా" అన్నాడు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పాపం, అతని మీద అరిచి లోపలికి పరుగెత్తాను.

ఒకటో తరగతి గదిలో, ఆఖరి బెంచీలో, నా కూతురు కూర్చుని పెన్సిల్ కొన కొరుకుతోంది. నన్ను చూసి నవ్వింది. ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఇక్కడే ఉంది కదండీ! రాలేదని ఎలా పెట్టారు?"

టీచరు గారు తొణకలేదు. "పిలిస్తే పలకదండి. ధ్యాస ఎక్కడో ఉంటుంది. ప్రెజెంట్ అనకపోతే ఆబ్సెంట్ వేసేస్తానని వారం నుంచీ చెబుతున్నానండి. అలాగైనా దారికొస్తుందని ఇవాళ వేశాను."

మా అమ్మాయికి ఆరేళ్ళు. మాట స్పష్టంగా రాదు. 'క' అనబోతే 'త' వస్తుంది, ఒత్తులు జారిపోతాయి. తను "పెదెంట్" అనగానే క్లాసంతా ఘొల్లుమంటుంది. అందుకే అనడం మానేసింది. చిన్నప్పుడు వస నాకించలేదా అని నన్ను దెప్పినవాళ్ళు వీధి నిండా ఉన్నారు. స్పీచ్ థెరపిస్టు గారు ఒక్కరే అసలు సంగతి చెప్పారు. ఈ పిల్లకి ధ్యాస నిలవడం కూడా నిజంగానే కష్టం, అది పొగరు కాదు, నోరు తిప్పుకోవడానికే సగం మనసు పోతుంది, ముందు బెంచీలో కూర్చోబెట్టి మొహంలోకి చూస్తూ చెప్పండి అని కాగితం మీద రాసిచ్చారు. జూన్ నెలలోనే ఆ కాగితం తెచ్చి ఈ టీచరు గారి చేతిలో పెట్టాను.

ఇంతలో పక్కన కూర్చున్న పిల్ల లేచింది. "ఆంటీ, తను చెయ్యెత్తిందండి. మేడమ్ చూళ్ళేదు."

"నువ్వు కూర్చో!" అని కసిరారు టీచరు గారు.

ఇక నేను ఆగలేదు. "ధ్యాస లేనిది ఎవరికండీ? నా కూతురికా, మీకా? ఎత్తిన చెయ్యి కనిపించలేదా మీకు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఒక్క మాటా వెనక్కి తీసుకోను. ప్రిన్సిపాల్ గారు వచ్చి, హాజరు దిద్దించి, నాకు సారీ చెప్పారు. నా కూతురికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ పూటకి సెలవు పెట్టి పిల్లని బయటికి తీసుకొచ్చాను. రోడ్డు వార జ్యూస్ బండి దగ్గర ఆగి "ఏం కావాలి నాన్నా?" అని అడిగాను. సపోటా పళ్ళ వైపు వేలు చూపించింది.

"నోటితో చెప్పు" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

వేలు దించేసింది. వద్దన్నట్టు తలూపి, రోడ్డు మీద పోయే బస్సు వైపు తిరిగింది.

తప్పుగా అన్నా సరే, అడిగింది ముందు ఇచ్చెయ్యండి, ఆ తర్వాత ఆ మాట మీరు సరిగ్గా అని వినిపించండి అని థెరపిస్టు గారు నాకు కూడా చెప్పారు. పిల్లకి తొందరగా మాట రావాలన్న ఆత్రంలో నేను వినిపించుకోలేదు. నీళ్ళడిగినా, దుప్పటి అడిగినా, సరిగ్గా అంటేనే ఇస్తానని పట్టుపట్టాను. కొన్నాళ్ళకి కుర్చీ లాక్కుని, ఎక్కి, తనే తీసుకోవడం మొదలుపెట్టింది. పని నేర్చుకుంటోందని మా అత్తగారితో మురిసిపోతూ చెప్పాను కూడా.

నా మీద నాకు పుట్టిన కోపం ముందు ఆ టీచరు గారి మీద కోపం ఎంత? జ్యూస్ బండి పక్కన నిలబడి, నా కూతురు నన్ను నోరు తెరిచి ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందా అని ఆలోచించాను. గుర్తు రాలేదు.