నోట్లో టార్చిలైటుతో ఏడు నెలలు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి అడ్డం వచ్చిందంటే నా నోట్లో అది చిరుతపులి అవుతుంది. ఇంకో అరకప్పు టీ పోస్తే దానికి రెక్కలు కూడా మొలుస్తాయి. ఇది నా బుద్ధి దోషం కాదు, వృత్తి రోగం. ఇరవై ఏళ్లుగా కామిక్సులో వీరుల బొమ్మలు గీసి బతుకుతున్నాను. మనిషి జబ్బను ఉన్నంతే గీస్తే వాడు జ్వరం నుంచి అప్పుడే లేచినవాడిలా కనిపిస్తాడు. గుమ్మడికాయంత గీస్తేనే చదివేవాళ్లు దాన్ని కండ అంటారు. అందుకని ఇందులో కనబడ్డ ప్రతి గుమ్మడికాయనూ మీరు నిమ్మకాయ కింద లెక్కేసుకోండి. పెంచి చెప్పడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో చెబుతాను.

భద్రాచలంలో మేముండేది రెండో అంతస్తు. కింది అంతస్తుకు గోదావరి అప్పుడప్పుడు చుట్టంచూపుగా వచ్చి పోతుంటుంది కాబట్టి బల్ల, కాగితాలు, సిరా సీసాలు, స్కానరు అన్నీ పైనే. ఆ బల్ల మీదే మా వీరుడు పుట్టాడు. వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే హైదరాబాదు నుంచి నోటీసు వస్తుంది. పేరు ఇప్పుడు కంపెనీది.

వాడి శక్తి ఏమిటంటే, గోదావరి ఎన్ని అడుగులు పెరిగితే వాడూ అన్ని అడుగులు పెరుగుతాడు. ఎండాకాలంలో నది ఇసుక కింద దాక్కున్నప్పుడు వాడు నాకంటే పొట్టి. దుమ్ముగూడెం దాటాక అడవిలో ఒక పల్లెలో బీడీల తునికాకు కోసుకునే మామూలు మనిషి. వానలు పడి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే తాటిచెట్టు వాడి భుజం దగ్గర ఆగిపోతుంది. మూడో హెచ్చరిక నాటికి ఒక చంకలో ఆర్టీసీ బస్సు, ఇంకో చంకలో బర్రెల మంద పెట్టుకుని, బూర్గంపాడు వైపు ఒక్క అంగలో దాటేస్తాడు. ఒంటి మీద నడుముకు చుట్టిన తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

పని జరిగే తీరు కూడా చెప్పాలి, లేకపోతే నా గొడవ మీకు అర్థం కాదు. కథ హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చేది. "మూడో పేజీ: వీరుడు ఇల్లు ఎత్తును, ఏదో అనును" అని ఉండేది. నేను బొమ్మ గీసి, మాటలు పట్టేంత తెల్ల బెలూను ఖాళీగా వదిలి, తోకను వాడి నోటి దగ్గర పెట్టి పంపేవాణ్ణి. అందులో మాటలు వాళ్లు నింపేవాళ్లు. బొమ్మ నాది, బెలూను వాళ్లది. నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఆ మాట ఉంది. పెట్టేటప్పుడు చదవలేదు.

మొదటి సంచిక రాగానే బస్టాండు దగ్గరి టీ కొట్టుకు తీసుకెళ్లాను. ఆ కొట్టు నడిపే అక్క నా బొమ్మలన్నిటికీ మొదటి పాఠకురాలు, మొదటి జడ్జి. చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకుంది. మా వీరుడు వరదలో ఇంటిని పైకప్పుతో సహా ఎత్తి, జనం వైపు తిరిగి చెబుతున్నాడు. అక్క గట్టిగా చదివింది.

"భయపడకుడు. నేనుండగా మీకు ఏ హానియు కలుగనేరదు."

కొట్టు దగ్గర ఆరుగురున్నారు. ఆ ఆరుగురి నవ్వుకు గోదావరి వంతెన ఊగింది. అవతల పొలాల్లో కొంగలు లేచాయి.

"ఏంది తమ్మీ," అంది అక్క, "మీవోడు గోదాట్ల మునిగి లైబ్రరీల తేలిండా?"

పేజీ తిప్పింది. ఇసుక దొంగ లారీ దిగి వీరుడి మీదికి వస్తున్నాడు. వాడు అంటున్నాడు: "ఏందిర బై, గిట్లొచ్చినవ్? పానం మీద ఆశ లేదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "గీ దొంగేమో మనోని లెక్క మాట్లాడుతుండు. మనల్ని కాపాడెటోడేమో ఎవరో బయటోడు. గిదేం లెక్క?"

ఇంటికొచ్చి ఎడిటర్‌కు ఫోన్ చేశాను. ఆయన మంచివాడు, మాటకు ముందో "అండి", వెనకో "అండి" లేకుండా మాట్లాడడు.

"హీరో భాషకు ఒక స్థాయి ఉండాలండి. పిల్లలు చదువుతారు కదండీ."

"మరి దొంగ మాట్లాడింది పిల్లలు చదవరా సార్?"

"అది నేటివిటీ అండి."

నేను ఆ మాటను ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నములుతూ కూర్చున్నాను. దొంగతనం చేస్తే నేటివిటీ. ప్రాణం కాపాడితే స్థాయి. అంటే మా జిల్లాలో పుట్టినవాడు పైకి రావాలంటే ముందు మా జిల్లా మాట వదిలేయాలి. అప్పుడే అనుకున్నాను, వీడి నోట్లో ఇంకొక్క "కలుగనేరదు" పడనివ్వను అని.

ఎలా అనేది మాత్రం మా ఆవిడ పుణ్యం. ఆమె దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచరు. అంటే శత్రువు ఇంట్లోనే ఉంది. పొద్దున ఏడింటి బస్సుకు చీర కట్టుకుంటోంది, నేను నా వాదన వినిపిస్తున్నాను.

"నువ్వే చెప్పు, తప్పు వాళ్లదా నాదా?"

"ఊఁ."

"ఊఁ అంటే? వాళ్లదా?"

"ఊఁ ఊఁ."

కుచ్చిళ్లు సర్దుకుని, పళ్ల మధ్య ఉన్న మూడు పిన్నీసులూ తీసి, అప్పుడు అంది. "పిన్నులు నోట్లుంటే ఎట్ల మాట్లాడుత? మింగి సావాల్నా? అయినా వాళ్లన్నది తప్పేంది. పరీక్షల 'వచ్చిండు' అని రాస్తే నేనే కోస్త మార్కులు."

రెండో మాట నాకు వినబడలేదు. మొదటి మాట దగ్గరే నా బుర్రలో కరెంటు వచ్చింది. బెలూనుకు తోక ఉంటుంది, ఆ తోకకు ఒక నోరు కావాలి. ఆ నోట్లో ఏదన్నా ఉంటే?

ఆ నెల సంచికలో మా వీరుడు పళ్ల మధ్య టార్చిలైటు కరుచుకుని వరదలో దిగాడు. తర్వాతి నెల మోకు కరుచుకుని పడవ లాగాడు. ఆ తర్వాత నెల వేప పుల్లతో పళ్లు తోముకుంటూ ఇరవై పేజీల యుద్ధం చేశాడు. ఒక సంచికలో మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు, అది ముగింపు పేజీ దాకా చల్లారలేదు. ఏడు నెలలు వాడు నోరు తెరవలేదు. ఇంత కాలం నోరు మూసుకుని ఇంత ఎదిరించినవాడు ఈ భూమండలం మీద ఇంకొకడు లేడు.

ఎడిటర్ ఊరుకుంటాడా. టార్చి కరుచుకున్నవాడి చేతే నాలుగు వరుసల ఉపన్యాసం ఇప్పించాడు. వీరుడు మాట్లాడేది ముక్కుతోనా అని పాఠకులు అడిగారు. అప్పుడు ఆయన మనసులో మాట మొదలుపెట్టాడు. దానికి నోరు అక్కర్లేదు, తల పైన మబ్బులాంటి బెలూను, కింద మూడు బుడగలు చాలు. "వీరిని నేను రక్షింపవలెను" అని మబ్బులో. నేను వీరుడి తలను మబ్బుకు చోటు లేకుండా బొమ్మ గడి పైగీతకు ఆనించి గీయడం మొదలుపెట్టాను. మిగిలిన ఖాళీ అంతా వాన. సూది మోపే సందు కూడా లేకుండా, ఒక్కో గడికి లక్ష చినుకులు. నా మణికట్టుకు గుడ్డ చుట్టుకుని గీశాను.

చివరికి ఒకరోజు ఆయన ఫోన్‌లో "అండి"లు తగ్గించాడు.

"ప్రత్యేక సంచిక వస్తోంది మాస్టారూ. మధ్య రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ. హీరో నోరు తెరుస్తాడు. జనంతో మాట్లాడతాడు. సగం పేజీ బెలూను వదలండి. లేదంటే చెప్పండి, ఇక్కడ వేరే ఆర్టిస్టులు సిద్ధంగా ఉన్నారు. పాత్ర మాది కదండీ."

వాణ్ణి నా దగ్గర్నుంచి తీసేసుకుంటారు. విషయం అదీ. పుట్టించినవాణ్ణి నేనే అయినా, నోరు తెరిపించకపోతే వాడు నాకు దక్కడు. తెరిపిస్తే వాడు వాడుగా దక్కడు.

మూడు రోజులు ఆలోచించి నిర్ణయించుకున్నాను. నోరు తెరిపిస్తాను, కానీ బెలూను వదలను. మాటలు నేనే రాస్తాను, అది కూడా బొమ్మలో భాగంగా, బ్రష్షుతో. తీసేయాలంటే బొమ్మను చింపుకోవాల్సిందే. పెన్సిల్‌తో ముందు చిత్తు వేశాను: మూడో హెచ్చరిక దాటిన గోదావరి, నడుము లోతు నీళ్లలో కొండంత మనిషి, చాచిన చెయ్యి, తెరిచిన నోరు. పక్కన పెద్ద అక్షరాలు. దాన్ని చుట్ట చుట్టుకుని, ఏదో పతకం కొట్టినవాడిలా టీ కొట్టుకు వెళ్లాను.

అది సంత రోజు. కొట్టు పక్కనే చింతపండు, చీపుర్లు పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుంటుంది. మా వీరుడి ఊరు ఏ దిక్కున ఉందని రాశానో, ఆమె ఊరు ఆ దిక్కే. నెత్తిన మూట పెట్టుకుని ఆమె నడిచే తీరు చూసే వాడి మెడను గీశాను, ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె కాగితం మీదికి వంగింది.

"ఈయనది ఏ ఊరన్నా?"

"మీ దిక్కే. అడివిల ఊరు."

"ఏమంటుండు?"

చదివి వినిపించాను. "నేనొచ్చిన. ఇగ మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆమె బొమ్మ మీద వేలు పెట్టింది. "మా దిక్కోడైతే గిట్లెందుకంటడు? ఇది నీ మాట. బజార్ల మీతోని మేం మాట్లాడే మాట. నీళ్లల్ల కొట్టుకపోతుంటే ఇంటోళ్లను బజారు మాటతోని పిలుస్తరా ఎవరన్న?"

టీ పోస్తున్న అక్క అందుకుంది. "అడిగింది సూడు తమ్మీ. చెప్పు మరి."

నేనేం చెబుతాను. అక్కడికక్కడే నోరు మూసుకున్నాను. ఏడు నెలలుగా ఎవరి కుర్చీని తన్నుతున్నానో ఆ కుర్చీలో నేనే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నానని తెలిసిపోయింది. "మరి ఏమనాలె?" అని ఆమెనే అడిగాను.

ఆమె తెలుగు కాని తన ఇంటి భాషలో రెండు మాటలు అంది. చెయ్యి ఇయ్యి అని అర్థం. ఆ రెండు మాటలూ ఇక్కడ రాయను. ఆమె ఎదురుగానే నాలుగుసార్లు తప్పు పలికినవాణ్ణి. అయిదోసారికి తలూపింది. అప్పుడు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.

పేజీ మళ్లీ మొదటి నుంచి గీశాను. ఆ రెండు మాటలను నీళ్లతోనే రాశాను. ఒక్కో అక్షరం ఒక అల. అవి వాడి నోట్లోంచి బయల్దేరి, చాచిన చేతి వెనక నుంచి తిరిగి, మునిగిపోతున్న ఇంటి దాకా పోతాయి. అక్షరం చెరిపితే చెయ్యి తెగుతుంది. పంపించాను.

నాలుగు రోజులకు ఫోన్. "ఇది ఏ భాషండీ?"

"హీరోది."

"పాఠకులకు అర్థం కావాలి కదండీ."

"చెయ్యి చాపిండు కద సార్. అంతకంటే ఏం అర్థం కావాలె?"

ప్రత్యేక సంచిక రాలేదు. మరుసటి నెల మామూలు సంచిక వచ్చింది, అందులో వీరుడూ వచ్చాడు, వేరే ఆర్టిస్టు చేతిలో. వాడికి మోకాళ్ల దాకా బూట్లు, వీపున ఎర్ర గుడ్డ. గోదావరి ఒండ్రులో బూట్లు వేసుకుని కూరుకుపోకుండా నిలబడ్డ మొదటి ప్రాణి వాడే. అడుగడుగునా మాట్లాడుతున్నాడు, ఒక పేజీలో మొహం కనబడనంత మాట్లాడాడు. ఇకపై మాటల జోలికి రానని రాసిస్తే నన్ను మళ్లీ తీసుకుంటామని ఒక మెయిల్ కూడా వచ్చింది. జవాబుగా ఒక ఖాళీ బెలూను గీసి, తోకను వాళ్ల సంతకం వైపు తిప్పి పంపాను.

ఇప్పుడు ప్రతి సంతకూ చింతపండు గంప పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నాను. కొత్త పుస్తకం, పెద్దామె భాషలోనే. ఈసారి వీరురాలు. ఆమెకు ఏ శక్తి ఉండాలో ఇంకా తేలలేదు, పెద్దామె తేలనివ్వడం లేదు. "ముందుగాల ఆమెకో ఊరు పెట్టు, మనుషుల్ని పెట్టు. బలం తర్వాత" అంటుంది. ఆమె చెబుతుంది, నేను రాసి చదువుతాను, ఆమె నవ్వితే కొట్టేస్తాను. అయిన పేజీలను మా ఆవిడ బడికి తీసుకెళ్లింది. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు ఆమె తరగతిలో సగం మంది ఉన్నారు. సాయంత్రం బస్సు దిగి వచ్చి కాగితాలు నా ముందు పెట్టింది.

"మూడు తప్పులున్నయంట. మా పిల్లలు మీకు మార్కులు కోసిండ్రు." కోసింది పిల్లలే అయినా, ఆమె మొహంలో సంతోషం మాత్రం సొంతం.

ఇక ఒప్పుకోలు. వంతెన ఊగలేదు, కొంగలు లేవలేదు, చినుకులు లక్ష లేవు. అవన్నీ గుమ్మడికాయలే. నేను పుట్టించింది, పెద్దామె అడగ్గానే నోరు మూసుకున్నానని రాశాను చూడండి, అది. మూసుకోలేదు. అరగంట వాదించాను. మన మాట అచ్చులోకి రావడమే గొప్ప అన్నాను. మీ మాట ఎవరు చదువుతారన్నాను. "అందరికీ అర్థం కావాలె కదమ్మా" అన్నాను. ఎడిటర్ ఆ మాట నాతో అనడానికి ముందే, సంతలో నలుగురి ముందు, నేను ఆమెతో అన్నాను. ఆమె నన్ను వదిలేసి ఇంకొకరికి చీపురు అమ్ముకుంది. రెండు మాటలు చెప్పింది ఆ రోజు కాదు, తర్వాతి సంతకు నేను మళ్లీ వెళ్లి అడిగినప్పుడు.

ప్రస్తుతం ఎనిమిదో పేజీలో ఉన్నాను. ఎవరు అచ్చేస్తారో తెలియదు. ఎవరన్నా వేస్తామని వచ్చి, ఇందులో ఒక్క అక్షరం మార్చమంటే మార్చను. ఆమె మార్చమంటే మారుస్తాను. మొదటి పేజీ ఇప్పటికే ఆరుసార్లు మార్చాను, ఈ ఆరు మాత్రం లెక్కపెట్టి చెబుతున్న ఆరు.