దిగిన చెయ్యి

రిటైరయినా డ్రిల్లు మాస్టారి జేబులో విజిల్ ఉండాల్సిందే. బడిలో చేతులు చాపి నిలబడ్డ వరుసలో ఒక్క చెయ్యి దిగినా, అందరిచేతా మళ్ళీ మొదటినుంచీ చేయించేవాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడని కూతురు పెట్టే పోరు పడలేక నరాల డాక్టరు దగ్గరికి వచ్చాడు గానీ, కర్ర పట్టుకోమంటే మాత్రం కస్సుమన్నాడు. డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాళ్ళు తట్టి చూసి, అరచేతులు పైకి ఉండేలా చేతులు ముందుకు చాపి కళ్ళు మూసుకోమంది. మాస్టారు నిటారుగా నిలబడ్డాడు.

కాసేపటికి "అయ్యో నాన్నా!" అంది కూతురు. కళ్ళు తెరిచి చూస్తే, ఎడమచెయ్యి తనకు తెలియకుండానే నడుము దాకా జారిపోయింది.

"చాలండి మాస్టారూ, కూర్చోండి," అంది డాక్టరమ్మ.

బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లవాణ్ణి చూసినట్టు ఆ చేతిని ఎగాదిగా చూశాడు మాస్టారు.

"కూర్చోవడమేంటమ్మా! ఒకడు దించితే అందరూ మొదట్నుంచీ చెయ్యాలి," అని కుడిచెయ్యి కూడా దించి, రెండూ మళ్ళీ చాపి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.