బావ కాపలా కాసిన కంప్యూటర్

ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు, ఉండటమే వార్త. పేపర్లో వేసిన వేళల్లో ఎలాగూ పోయేది, వేయని వేళల్లో చెప్పకుండా పోయేది. రాష్ట్రం ఇంకా రెండు కాలేదు. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసి సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్టు లెక్చరర్‌ని. (గెస్టు అంటే అతిథి అని పిల్లలకు చెప్పేదాన్ని గానీ, అతిథికి కుర్చీ అయినా వేస్తారు.) ఇప్పుడు ఆలోచిస్తే అప్పటి మా బతుకంతా ఒకటే పద్ధతి మీద నడిచిందనిపిస్తుంది. ఏదైనా చెడిపోతే ఏం చేయాలో ఎవరమూ ఆలోచించేవాళ్ళం కాదు. చెడిపోకుండా చూసే మనిషిని ఒకణ్ణి పట్టుకునేవాళ్ళం. గ్యాసు ఆఫీసులో తెలిసినాయన, దవాఖానలో తెలిసినామె, బస్సులో సీటు మీద తువ్వాల వేసిపెట్టే ఇంకో తెలిసినాయన. నాకు ఇన్ని రకాల మనుషులు అక్కర్లేకపోయింది. అన్నిటికీ కలిపి మా అక్క మొగుడు ఒక్కడే ఉన్నాడు.

బావది మిర్యాలగూడలో నెట్ సెంటర్. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన అసలు పేరు పెళ్ళి శుభలేఖలో చూసినట్టు గుర్తు గానీ మా ఇంట్లో అందరికీ ఏంగాదు బావ. స్కూటర్‌కు బ్రేకు పడకపోతే ఏంగాదు, నడి ఎండాకాలం బోరు ఎండితే ఏంగాదు. నెట్ పోయినప్పుడు దుకాణంలో ఉన్నవాళ్ళతో "అయిదు నిమిషాల్ల వస్తది, కూసో" అనేవాడు. లేదు అనే మాట ఆయన నోట రాదు. ఆ అయిదు నిమిషాలు ఒక్కోసారి పొద్దుగూకేదాకా సాగేవి. కూర్చున్నవాళ్ళకు మా అక్క తిట్టుకుంటూనే చాయ్ పోసేది. అంత మంచి మనిషి మీద అంత పెద్ద పని పెట్టడం నాకేం తప్పనిపించలేదు.

ఆ పని ఇదీ. ఆర్ అని గణాంకాలకు ఒక కంప్యూటర్ భాష ఉంది. అందులో పనికొచ్చే ప్రోగ్రాము ఎవరైనా రాసి, ప్యాకేజీగా కట్టి, ప్రపంచమంతా వాడుకునే ఒక భాండాగారానికి పంపవచ్చు. నా ప్యాకేజీ సాగర్ ఎడమ కాలువ మీద. నీటిమట్టం చూసి కాలువ చివరి ఊళ్ళకు నాట్ల నీళ్ళు ఎప్పటికి అందుతాయో అంచనా వేస్తుంది. ఆ నీటిమట్టం అంకెలను బావ రోజూ పొద్దున పేపర్లో చూసి తన కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. నా ప్రోగ్రాము ఎక్కడున్నా సరే, నెట్ మీద నేరుగా మిర్యాలగూడ వెళ్ళి ఆ కంప్యూటర్‌ను అడిగి అంకెలు తెచ్చుకునేది. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థ వాళ్ళు నా పని చూసి మెచ్చుకున్నారు. నెలాఖరులోగా ప్యాకేజీని భాండాగారం ఒప్పుకుంటే ప్రాజెక్టులో ఉద్యోగం ఇస్తామన్నారు. నేరేడుచర్ల దగ్గర గొర్లు కాసి నన్ను చదివించిన మా నాయన స్టాటిస్టిక్స్ అంటే ఏమిటని ఏనాడూ అడగలేదు. "నౌకరి వస్తదా బిడ్డా" అని మాత్రం ప్రతి ఫోన్లో అడిగేవాడు. వస్తుందని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంత గట్టిగా నేను అంతకుముందు ఏదీ కోరుకోలేదు.

అయితే ఆ భాండాగారంలో ప్యాకేజీని మనుషుల కంటే ముందు ఒక యంత్రం చూస్తుంది. లోపలున్న ప్రతి ఉదాహరణనూ తనంతట తానే నడిపిస్తుంది. ఏ ఒక్కటి మధ్యలో ఆగిపోయినా తప్పు అని ఎర్రగా రాసి తిప్పి పంపుతుంది. దానికి మొహమాటం లేదు, దాని మేనత్త కొడుకు మనకు తెలిసినవాడు కాడు. పంపేముందు కోదాడ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన నాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పిన సార్. నన్ను ఎమ్మెస్సీలోకి తోసింది కూడా ఆయనే. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఆ మిర్యాలగూడ కంప్యూటర్ అందలేదనుకో, నీ ప్రోగ్రాము ఏం చేస్తుందమ్మా?"

"అందుతది సార్. బావకు చెప్పిన."

"బావగారికి చెప్పావు, బాగుంది. ప్రోగ్రాముకు చెప్పావా?"

పెద్దవాళ్ళు హాస్యమాడితే నవ్వాలి కాబట్టి నవ్వాను. అది హాస్యం కాదని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మొదటిసారి పంపాను. తిరిగొచ్చింది. తప్పు అన్న ఎర్రక్షరాలు కనిపించగానే మిగతా ఈమెయిల్ చదవకుండా మూసేశాను. (చెడ్డవార్త వచ్చిన ఉత్తరాన్ని పూర్తిగా చదవడం మా ఇంటా వంటా లేదు.) బావకు ఫోన్ చేస్తే ఆ పూట మిర్యాలగూడలో కరెంటు లేదన్నాడు. ఇంకేముంది, కారణం దొరికిపోయింది. "గీ మాత్రం దానికి పరేషాన్ అయితవేంది మర్దలా, ఇన్వర్టర్ పెట్టిస్త, ఏంగాదు" అన్నాడు. అన్నట్టే పెట్టించాడు కూడా. మళ్ళీ పంపాను. మళ్ళీ ఎర్రక్షరాలు. ఈసారి విచారణలో తేలిందేమిటంటే, సరిగ్గా ఆ సమయానికి కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది, దాని మీద మా అక్క గ్రైండర్ వేసింది. ఇన్వర్టర్ కుయ్యిమని కూర్చుంది. నేను ఫోన్లో గొంతు పెంచాను. అక్క నాకంటే పెద్దది కాబట్టి ఇంకొంచెం పెంచింది.

"ఇన్వర్టర్ ఉన్నప్పుడే పప్పు రుబ్బుకోకపోతే పొద్దుగాల పిల్లలకు ఇడ్లీలు నీ ప్యాకేజీ పెడ్తదా?"

నేను ఫోన్ పెట్టేశాను. అక్కతో రెండు రోజులు మాట్లాడలేదు. నెల సగం దాటిపోయింది. మాటిమాటికీ పంపవద్దు, అన్నీ సరిచూసుకున్నాకే పంపండి అని భాండాగారం నియమాల్లో రాసి ఉంది. అందుకని మూడోసారి నేనే బయలుదేరి మిర్యాలగూడ వెళ్ళాను. వెళ్ళేసరికి దుకాణం ముందు టెంట్ హౌస్ నుంచి కిరాయికి తెచ్చిన జనరేటర్ ఉంది. పెళ్ళిళ్ళలో తిరిగింది కదా, దాని మీద ఇంకా బంతిపూల దండ వేలాడుతోంది. నీటిమట్టం కంప్యూటర్‌ను గోడ మూలకు జరిపి, చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టి, ఎవ్వరూ ముట్టవద్దు అని అట్టముక్క తగిలించారు. గ్రైండర్‌ను తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టారు. (అక్క మీద ఎవరికీ నమ్మకం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆమె మూతి ముడుచుకుని గుమ్మంలో కూర్చుంది.) బావ ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్ళను మొట్టమొదటిసారి వెనక్కి పంపాడు. త్రిపురారం నుంచి హాల్ టికెట్ కోసం వచ్చిన కుర్రాడికి కూడా "జర రేపు రా తమ్మీ, ఇయ్యాల మా మర్దల్ది పరీక్ష" అని చెప్పాడు. తర్వాత స్టూలు వేసుకుని ఆ కంప్యూటర్ ఎదురుగా కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

పంపాను. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. వీధంతా దడదడలాడింది. నెట్ ఒక్క క్షణం కూడా తెగలేదు. సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. ఎర్రక్షరాలు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అందులో దాచడానికేముంది. బావకు మాత్రం ఏడుపు రాలేదు, పౌరుషం వచ్చింది. "ఎట్ల ఫెయిలయితది? పొద్దుగాల నుంచి నేను రెప్ప కొట్టకుంట సూస్తున్న గద. ఏం రాసిండ్రో మొత్తం సదువు" అన్నాడు. అప్పుడు, అన్ని రోజుల్లో మొదటిసారి, ఎర్రక్షరాల కింద ఉన్న వాక్యాలు చదివాను. చదివి తెలుగులో చెప్పాను. మా తనిఖీ యంత్రాల్లో కొన్నిటికి ఇంటర్నెట్ ఉండదు, కావాలనే తీసేస్తాం, అది లేనప్పుడు కూడా మీ ప్యాకేజీ కూలిపోకుండా మర్యాదగా తప్పుకోవాలి అని ఉంది. పాత ఈమెయిళ్ళు తీసి చూశాను. రెండింట్లోనూ అదే వాక్యం ఉంది.

బావ స్టూలును నా వైపు జరుపుకున్నాడు.

"అంటే వైరు వాళ్ళే పీకిండ్రా?"

"వాళ్ళే పీకిండ్రు బావా. పీకి, మనం ఏం చేస్తమో సూస్తరంట."

"మరి మనం ఏం చేస్తున్నం?"

"పడిపోతున్నం."

గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది. "అంటే నా గ్రైండర్ తప్పేం లేదన్నట్టు."

లేదని ఒప్పుకున్నాం. గ్రైండర్ తిరిగి ఇంటికొచ్చింది, కరెంటు కూడా వచ్చింది. జనరేటర్‌ను ఆపేశాక వీధిలో వచ్చిన ఆ నిశ్శబ్దంలో కోదాడ సార్‌కు ఫోన్ చేశాను. "నేను మొదట్లో అడిగింది అదేగా అమ్మా" అన్నారాయన. దెప్పలేదు. ఆయనకు దెప్పడం రాదు, అదొకటి నయం. ప్రోగ్రాము ఒక పని ప్రయత్నించాలి, కుదరకపోతే వచ్చిన తప్పును మధ్యలోనే పట్టుకోవాలి, అంకెలు ఎందుకు రాలేదో వాడేవాళ్ళకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పాలి, ఖాళీ చేతులతోనే అయినా నిలబడి బయటికి రావాలి, అంతే అన్నారు. రాస్తే నాలుగైదు లైన్లు. ఇన్వర్టర్, జనరేటర్, బావ కాపలా అన్నీ కలిపినా వాటి ఎదుట నిలవలేదు.

లైన్లు తొందరగానే వచ్చాయి. వాడేవాళ్ళకు చెప్పాల్సిన ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మొదట నేను రాసింది ఫోన్లో చదివితే సార్, "ఏమ్మా, సెలవు దరఖాస్తు రాస్తున్నావా?" అన్నారు. నిజమే, అందులో క్షమించగలరు అని రెండుసార్లు ఉంది. బావను అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా "అయిదు నిమిషాల్ల వస్తది, ఆగుమను" అన్నాడు. ఎన్నడూ లేనిది అక్క కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను, బావ కూడా ఎందుకో తెలియకుండా మాతోపాటు నవ్వాడు. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. నీటిమట్టం వివరాలు ఇప్పుడు అందడం లేదు, తర్వాత ప్రయత్నించండి. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ఇంగ్లీషులోకి మార్చాను.

ఇక పరీక్షించాలి. అందుకు కంప్యూటర్ అందకుండా పోవాలి, అంటే వైరు పీకాలి. "పీకు బావా" అన్నాను. ఆయన లేచి కుర్చీలు జరిపి వెళ్ళాడు, వంగాడు, ప్లగ్గు మీద చెయ్యి వేశాడు, మళ్ళీ తీశాడు.

"నా చేత్తోని నేనే పీకాల్నా?"

"గంతే బావా. పీకితేనే తెలుస్తది."

"నాతోని గాదు, నువ్వే పీకు."

లేదు అనలేని మనిషి మొదటిసారి కాదన్నాడు. నేనే వెళ్ళి పీకాను. కంప్యూటర్ ఆరిపోయింది. పక్క కంప్యూటర్‌లో నా ప్రోగ్రాము నడిపించాను. అది మిర్యాలగూడను అడిగింది, జవాబు రాలేదు, ఎర్రక్షరాలు కూడా రాలేదు. నేను రాసిన మాట మర్యాదగా చెప్పి, మిగతా పని చూసుకుంటూ ముందుకు పోయింది. అంత ముచ్చటగా ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రే మళ్ళీ పంపాను, మర్నాడు ఒప్పుకున్నామని జవాబు వచ్చింది. నెలాఖరుకు ఇంకా టైముంది. మా నాయనకు ఫోన్ చేసి "వచ్చింది" అన్నాను. అవతల గొర్ల అరుపుల మధ్య, "నా బిడ్డకు నౌకరి వచ్చిందంట" అని ఆయన ఎవరికో కేకేసి చెప్పడం వినబడింది.

ఆ సంబరంలోనే బావతో, "ఇగ నువ్వు కాపలా ఉండే పని లేదు బావా. నీ కంప్యూటర్ ఉన్నా లేకున్నా నా ప్యాకేజీ నడుస్తది" అన్నాను. శుభవార్త చెబుతున్నానని అనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అంటే ఇగ నాతోని పని లేదన్నట్టేనా?"

అక్క నా వైపు ఒక చూపు చూసింది. నేను నాలుక కరుచుకుని, అంకెలు నువ్వు ఎక్కించకపోతే అంచనాలు ఎట్లా వస్తాయని ఏదో సర్దిచెప్పాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు. నెట్ సెంటర్ నడిచినన్నాళ్ళూ ఒక్క పొద్దు కూడా తప్పకుండా అంకెలు ఎక్కించాడు. నేను హైదరాబాద్‌లో చేరాను. అక్కడ జీతం, కుర్చీ, ఎప్పుడూ పోని కరెంటు. పొద్దున ఆఫీసుకు రాగానే మొదట నా ప్యాకేజీ తెరిచి మిర్యాలగూడ అంకెలు వచ్చాయో లేదో చూసేదాన్ని. చాలా రోజులు వచ్చేవి. అప్పుడప్పుడు రాకపోతే, నీటిమట్టం వివరాలు ఇప్పుడు అందడం లేదు, తర్వాత ప్రయత్నించండి అని తెర మీద కనిపించేది. రాసింది నేనే, ఎంతో కష్టపడి రాశాను, దాని అర్థం నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ప్రోగ్రాము ఏమాత్రం కంగారుపడకుండా తన పని తాను చేసుకునేది. నేను మాత్రం తర్వాత దాకా ఆగలేక, అప్పటికప్పుడు ఫోన్ తీసి మిర్యాలగూడకు చేసి, బావా, ఏమైంది, అంతా మంచిగనే ఉన్నరా అని అడిగేదాన్ని.